పొడుపుకథ నుంచి క్విజ్ దాకా: ‘సాధారణ జ్ఞానం’ మారిన తీరు

వ్యాససంగ్రహం:

పొడుపుకథ, సాధారణ జ్ఞాన ప్రశ్న పైకి ఒకే కుటుంబానికి చెందినవిగా కనిపిస్తాయి. రెండింటిలోనూ అడిగేవారికి జవాబు ముందే తెలుసు; ఎదుటివారికి తెలుసో లేదో పరీక్షించడమే ప్రశ్న ఉద్దేశం. అయితే జవాబు ఎక్కడ ఉంటుందన్న విషయంలో ఈ రెండూ వేరు. పొడుపుకథలో జవాబుకు దారి ప్రశ్నలోనే ఉంటుంది. సాధారణ జ్ఞాన ప్రశ్నలో జవాబు ప్రశ్న వెలుపల, పుస్తకంలోనో పట్టికలోనో ఉంటుంది. ఈ భేదం చరిత్రలో ఎలా ఏర్పడింది, దానివల్ల ‘తెలిసినవారు’ అనే గుర్తింపు ఎవరి నుంచి ఎవరికి మారింది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పొడుపుకథ, ప్రహేళిక, యక్షప్రశ్నలు, సమస్యాపూరణం, సాధారణ జ్ఞానం, క్విజ్.

1. ప్రవేశిక

తెలుగులో ప్రశ్నకు పొడుపు, జవాబుకు విడుపు అని పేర్లు. వేసిన ముడిని విప్పడమనే భావం ఈ జంటలో ఉంది. ముడి వేసినవారికీ విప్పేవారికీ మధ్య ఉన్న తాడు ఒక్కటే. పొడిచే అవ్వకూ విప్పే మనుమడికీ ఆ వస్తువు ముందే పరిచయం. కొత్తదల్లా దాన్ని చూపిన తీరు మాత్రమే. ‘జనరల్ నాలెడ్జ్’ అనే మాటకు సమానార్థకంగా వాడుకలోకి వచ్చిన ‘సాధారణ జ్ఞానం’ ఈ అర్థంలో సాధారణం కాదు. అది అందరికీ ఉండే జ్ఞానం కాదు, అందరికీ ఉండాలని ఎవరో నిర్ణయించిన జ్ఞానం. ఆ నిర్ణయానికి ఒక చరిత్ర ఉంది.

2. పొడుపుకథ నిర్మాణం

ఆర్చర్ టేలర్ 1951లో వెలువరించిన ఆంగ్ల మౌఖిక పొడుపుకథల సంకలనంలో వాటిని జవాబులను బట్టి కాక, ప్రశ్నలోని వర్ణనను బట్టి వర్గీకరించాడు. రాబర్ట్ జార్జెస్, అలన్ డండెస్ 1963లో పొడుపుకథకు నిర్మాణపరమైన నిర్వచనం ఇచ్చారు. వారి దృష్టిలో పొడుపుకథ ఒకటి లేదా అంతకంటే ఎక్కువ వర్ణనాంశాల కూర్పు. ఆ అంశాల మధ్య వైరుధ్యం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. వాటి ఆధారంగా వస్తువును ఊహించాలి.

తెలుగు పొడుపుకథలకు ఈ నిర్వచనం చక్కగా సరిపోతుంది. ఎన్నిసార్లు వేసినా తీసినా చప్పుడు చేయని తలుపులు కనురెప్పలు. నిండా నీళ్లున్నా తాళం వేసి ఉన్న గుడి కొబ్బరికాయ. ఈగైనా వాలని ఎర్రని పండు నిప్పు. మొదట ఒక వైరుధ్యం మనసును ఆపుతుంది. జవాబు తెలియగానే ఆ వైరుధ్యం కరిగిపోతుంది. జవాబు విన్నవారు ‘నాకు తెలియదు’ అనరు, ‘తట్టలేదు’ అంటారు. తెలియకపోవడానికీ తట్టకపోవడానికీ మధ్య ఉన్న ఈ తేడాయే ఈ వ్యాసానికి మూలం.

3. ప్రాణం పణంగా పెట్టిన ప్రశ్నలు

భారతీయ వాఙ్మయంలో ప్రశ్నల పోటీ వైదిక కాలం నాటిది. ఋగ్వేదం మొదటి మండలంలోని 164వ సూక్తం దీర్ఘతమసునిది. అందులో సంవత్సరాన్ని పన్నెండు ఆకుల చక్రంగా, పగళ్లనూ రాత్రులనూ 720 మంది బిడ్డలుగా భావించిన వర్ణన ఉంది. సంవత్సరాన్ని చెట్టుగా, నెలలను కొమ్మలుగా చెప్పే పొడుపుకథలు పలు దేశాల్లో కనిపిస్తాయి. అశ్వమేధ యాగంలో ఋత్విజులు పరస్పరం ప్రశ్నించుకునే ‘బ్రహ్మోద్యం’ యజ్ఞక్రియలో ఒక భాగం. ఒంటరిగా సంచరించేది ఎవరు, మళ్లీ మళ్లీ పుట్టేది ఎవరు అని అడిగితే సూర్యుడు, చంద్రుడు అని జవాబు. ఈ ప్రశ్నలు శుక్లయజుర్వేద వాజసనేయి సంహిత 23వ అధ్యాయంలో ఉన్నాయి. ఇవే మహాభారత అరణ్యపర్వంలో యక్షుడి నోట తిరిగి వినిపిస్తాయి. యాగశాలలోని ప్రశ్న కథలోకి వచ్చేసరికి ప్రాణాలతో ముడిపడింది. జవాబు చెప్పకుండా నీళ్లు తాగిన నలుగురు తమ్ముళ్లు పడిపోగా, ధర్మరాజు జవాబులు చెప్పి వారిని బతికించుకున్నాడు. తెలుగులో ఈ ఘట్టం అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన రచనలో ఉంది. నేటి వ్యవహారంలో ‘యక్షప్రశ్న’ అంటే జవాబు దొరకని ప్రశ్న. ధర్మరాజు మాత్రం యక్షుడు అడిగినవాటికి జవాబులు చెప్పి మెప్పించాడు.

గ్రీకు గాథలో థీబ్స్ నగరాన్ని పీడించిన స్ఫింక్స్ ప్రశ్న కూడా ఇటువంటిదే. పొద్దున నాలుగు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు కాళ్లతో నడిచేది ఏదన్న ప్రశ్నకు ఈడిపస్ చెప్పిన జవాబు మనిషి. యక్షుడి ప్రశ్నకైనా, స్ఫింక్స్ ప్రశ్నకైనా జవాబు లోకానుభవంలో ఉంది. గ్రంథం చదవనివారు కూడా ఆలోచించి చెప్పగలరు.

దీనికి భిన్నమైన ఉదాహరణ బైబిల్ పాత నిబంధనలోని న్యాయాధిపతుల గ్రంథంలో, 14వ అధ్యాయంలో ఉంది. సమ్సోను తాను చంపిన సింహం కళేబరంలో తేనెపట్టును చూశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, పెళ్లివిందులో ముప్పైమంది యువకులకు దానిపైనే ప్రశ్న వేసి, ముప్పై జతల బట్టలు పందెం కాశాడు. వారు ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు. చివరకు పెళ్లికూతురిని బెదిరించి తెలుసుకున్నారు. కథ హత్యలకూ పగకూ దారితీసింది. ఇక్కడ ప్రశ్న రూపం పొడుపుకథదే, కానీ జవాబుకు ఆధారం ఒక్కడి అనుభవంలో మాత్రమే ఉంది. పంచుకోని జ్ఞానంపై ప్రశ్న వేస్తే అది ఆట కాకుండా పోతుందని ఈ కథ చూపుతుంది.

4. పండితగోష్ఠిలో ప్రశ్న

వాత్స్యాయనుని కామసూత్రం పేర్కొన్న 64 కళల్లో ప్రహేళిక ఒకటి. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో పదహారు ప్రహేళికా భేదాలను చెప్పాడు. వినోదగోష్ఠులలో, జనం మధ్య రహస్యంగా సంభాషించడంలో, ఇతరులను తికమక పెట్టడంలో ఇవి ఉపయోగపడతాయన్నది అతని అభిప్రాయం. తరువాతి కాలంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ప్రహేళిక రసానికి అడ్డుతగులుతుంది కనుక అలంకారం కాదన్నాడు. దండి చెప్పిన మూడు ప్రయోజనాలలో మొదటిది మాత్రమే పల్లె పొడుపుకథకు పూర్తిగా వర్తిస్తుంది. తక్కిన రెండూ తెలిసినవారినీ తెలియనివారినీ వేరుచేసేవే.

తెలుగు సాహిత్యంలో ఈ సంప్రదాయం సమస్యాపూరణంగా, అవధానంగా స్థిరపడింది. సమస్యలో ఇచ్చిన పాదం అసంగతంగానో అనుచితంగానో ఉంటుంది. పూరించే కవి తక్కిన పాదాలతో దానికి సంగతి కల్పిస్తాడు. వైరుధ్యాన్ని కరిగించడమే దీనికీ పొడుపుకథకూ ఉన్న చుట్టరికం. తిరుపతి వేంకటకవులు ఈ విద్యను సంస్థానాల్లోనూ పట్టణ సభల్లోనూ జనరంజకం చేశారు. అయితే ఇందులో పాల్గొనడానికి ఛందస్సు, వ్యాకరణం, పురాణజ్ఞానం అవసరం. సభలో వినేవారు వందలమంది, అడిగేవారు కొద్దిమంది, చెప్పేవాడు ఒక్కడు. పొడుపుకథలోనైతే అడిగేవారూ చెప్పేవారూ క్షణక్షణానికీ తారుమారవుతారు.

5. పరీక్ష, పోటీ, పట్టిక

ఆధునిక కాలంలో ప్రశ్నను ప్రభుత్వం చేపట్టింది. బ్రిటన్‌లో 1854 నాటి నార్త్‌కోట్ - ట్రెవెల్యాన్ నివేదిక ఉద్యోగాలకు పోటీ పరీక్షలను సిఫారసు చేసింది. భారత సివిల్ సర్వీసుకు 1855లో బహిరంగ పోటీ మొదలైంది. ఆ పరీక్షలు భారతదేశంలో కూడా జరగడం 1922లోగాని ఆరంభం కాలేదు. అంతకుముందు రాయదలచినవారు లండన్ వెళ్లవలసిందే.

అదే కాలంలో జ్ఞానాన్ని తెలుగులో అందరికీ అందించాలన్న ప్రయత్నమూ జరిగింది. కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను తెలుగు పాఠకులకు అందుబాటులోకి తెచ్చారు. లక్ష్మణరావు చేపట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన మరణంతో అసంపూర్ణంగా నిలిచిపోయింది. విజ్ఞాన సర్వస్వం వివరణ ఇస్తుంది. కారణమూ సందర్భమూ చెబుతుంది. పోటీ పరీక్షల ‘బిట్లు’ ఆ వివరణ నుంచి జవాబును మాత్రమే వేరుచేశాయి. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్నల పద్ధతి 20వ శతాబ్ది రెండో దశకంలో అమెరికాలోని కాన్సస్‌లో పాఠశాల పరీక్షల కోసం రూపొందింది. వేలమంది పత్రాలను వేగంగా దిద్దడానికి అనువైన ఆ పద్ధతి నేడు అనేక నియామక పరీక్షలకు ప్రమాణమైంది.

ప్రసార మాధ్యమాలు ఈ ప్రశ్నకు వినోద రూపం ఇచ్చాయి. 1972లో రేడియోలో మొదలైన బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నిర్వహించిన క్విజ్ టైమ్, 2000లో కౌన్ బనేగా కరోడ్‌పతి, 2014లో తెలుగులో మీలో ఎవరు కోటీశ్వరుడు ఇందులో మజిలీలు. యక్షుడి ప్రశ్నకు పణం ప్రాణం; పరీక్షలో ఉద్యోగం, టెలివిజన్‌లో కోటి రూపాయలు.

6. మారే జవాబులు

సాధారణ జ్ఞాన ప్రశ్నకు ఒకే జవాబు ఉంటుందన్న నమ్మకం చరిత్ర ముందు నిలవదు. ప్రపంచంలో అత్యంత ఎత్తైన శిఖరం ఏది, ఎత్తెంత అన్న ప్రశ్ననే తీసుకోవచ్చు. సర్వేక్షణ శాఖ లెక్కల్లో ‘15వ శిఖరం’గా ఉన్నదాని ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించి, సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా దానికి తనకు ముందు ఆ పదవి చేసిన జార్జ్ ఎవరెస్ట్ పేరు పెట్టాడు. నేపాలీలకు అది సాగరమాథా, టిబెటన్లకు చోమోలుంగ్మా. 1955 నాటి భారత సర్వే దాని ఎత్తు 8,848 మీటర్లని తేల్చింది. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి 8,848.86 మీటర్లని ప్రకటించాయి. ఒక్క ‘బిట్టు’లో సామ్రాజ్యం, గణితం, పేరుపెట్టే అధికారం, రెండు దేశాల ఒప్పందం ఇమిడి ఉన్నాయి. జవాబు మాత్రమే నేర్చినవారికి ఇవేవీ అందవు.

2006లో గ్రహాల సంఖ్య తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గింది. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31 అయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. పాత పుస్తకంతో చదివిన అభ్యర్థి జవాబు తప్పు. అతని జ్ఞానం నిన్నటి వరకు ఒప్పు.

7. పొడుపుకథ జీకేగా మారే క్షణం

పొడుపుకథకు కాలదోషం లేదనడం కూడా సరికాదు. తెలుగునాట ప్రసిద్ధమైన ఒక పొడుపుకథలో పిడక తన జీవితకథ చెప్పుకుంటుంది: తల్లి కడుపున సుఖంగా ఉండడం, దెబ్బలు తినడం, నిలువునా ఎండడం, కాలడం, చివరకు బూడిదై నుదుటికెక్కడం. గోడకు పిడకలు కొట్టిన ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది ఆలోచిస్తే తట్టే ప్రశ్న. అపార్టుమెంటులో గ్యాస్ పొయ్యి మాత్రమే చూసిన పిల్లకు ఇది కంఠస్థం చేయవలసిన సమాచారం. ప్రశ్నలో ఒక్క మాట మారలేదు, మారింది జీవితం. రోలు, రోకలి, తిరగలి, కవ్వం, ఏతం వంటి విడుపులన్నింటికీ ఇదే గతి పడుతోంది.

ఇందువల్ల పొడుపుకథ చరిత్రకు ఆకరంగా కూడా పనికొస్తుంది. మిరపకాయ, వేరుశనగ, మొక్కజొన్న అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి రాకతో భారతదేశానికి చేరిన పంటలు. అవి విడుపుగా ఉన్న పొడుపుకథ 16వ శతాబ్దికి ముందుది కాజాలదు. గోడ గడియారం విడుపైనది ఇంకా కొత్తది. పాత విడుపులు ఎప్పుడు తట్టడం మానేశాయో గమనిస్తే ఒక ఊరి వంటింటిలో, పొలంలో ఏ పనిముట్టు ఎప్పుడు కనుమరుగైందో తెలుస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన ప్రధానాంశాలు ఇవి. పొడుపుకథకూ సాధారణ జ్ఞాన ప్రశ్నకూ మధ్య గీత ప్రశ్న రూపంలో లేదు. అడిగేవారూ చెప్పేవారూ పంచుకున్న జీవితంలో ఉంది. ఆ జీవితం ఉమ్మడిగా ఉన్నంతకాలం ప్రశ్న ఆలోచనను పరీక్షిస్తుంది. ఉమ్మడి చెదిరితే జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది. పోటీ పరీక్షల యుగంలో ‘తెలిసినవారు’ అనే గుర్తింపు ఊరి అవ్వ నుంచి పుస్తకం కంఠస్థం చేసినవారికి మారింది. విత్తనాలు, వానరాకడ, పశువుల జబ్బులు తెలిసిన స్త్రీ ఈ కొలమానంలో ఏమీ తెలియనిదిగా మిగిలింది.

కనుక జానపద పరిశోధకులు పొడుపుకథలను పొడుపు, విడుపు జాబితాగా సేకరించడం చాలదు. విడుపులోని వస్తువు ఏమిటి, దాన్ని ఎవరు, ఎలా వాడేవారు, ఆ ఊరి పిల్లలకు నేడు అది తడుతోందా అన్న వివరాలనూ నమోదు చేయాలి. పాఠశాల స్థాయిలో సాధారణ జ్ఞాన ప్రశ్నకు జవాబుతోపాటు ‘అది ఎలా తెలిసింది’ అన్న రెండో ప్రశ్న కూడా చేర్చాలి. ముడి ఎలా పడిందో తెలిసినప్పుడే విప్పడం విద్య అవుతుంది.