బొంతకు లావు దారం: నంబరు వెనుక ఉన్న కథ



మన ఆడవాళ్లు కొందరు పాత చీరలతో మిషను మీద బొంతలు కుడుతున్నారు. చేత్తో కుట్టినట్టు కుట్టు ఎత్తుగా కనబడాలని లావు దారం వేస్తే పైన దారం తెగుతోంది, కింద ఉండలు కడుతోంది అంటున్నారు. తప్పు వాళ్ల చేతిది కాదు. కుట్టుమిషను పుట్టుకే సన్నదారంతో ముడిపడి ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఉపాయం కూడా తెలుస్తుంది.

ముందు నంబరు సంగతి. తమిళ బడిలో చదివినవాణ్ణి కనుక నాకు 'నూల్' అంటే దారమూ పుస్తకమూ రెండూ. ఈ నూలుకు ఒక లెక్కల పుస్తకమే ఉంది. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు నంబరు. 40 నంబరైతే పౌనుకు 40 చిలపలు, అంటే 33,600 గజాలు. 12 నంబరైతే 10,080 గజాలే. అంటే నంబరు తగ్గేకొద్దీ నూలు లావు. ఇప్పుడు కొన్ని కండెల మీద ఉండే 'వెయిట్' నంబరుదీ ఇదే దారి: 40 వెయిట్ అంటే 40 కిలోమీటర్ల దారం ఒక కిలో తూగుతుంది. 'టెక్స్' అని ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అది 1000 మీటర్ల దారం ఎన్ని గ్రాములో చెబుతుంది, కాబట్టి నంబరు పెరిగితే లావు. కొనేముందు ఏ లెక్కో చూసుకోవాలి.

ఇక కుట్టుదారం కథ. స్కాట్లండులో పైస్లీ అని ఒక ఊరు. కాశ్మీరు శాలువలను అనుకరించి నేసేవాళ్లు. మన చీరల మీది మామిడిపిందెకు ఇంగ్లీషులో ఆ ఊరి పేరే పడింది. మగ్గంలో పడుగు పోగులను పైకీ కిందికీ లాగే దారపు ఉచ్చులకు అక్కడ పట్టు వాడేవారు. నెపోలియన్ యుద్ధాల్లో పట్టు దొరకడం కష్టమైతే, అక్కడి క్లార్క్ కుటుంబం నూలునే నున్నగా, గట్టిగా పేని వాడింది. అదే తర్వాత కుట్టుదారమైంది. 1826లో జేమ్స్ కోట్స్ అదే ఊళ్లో దారం మిల్లు పెట్టాడు.

1846లో ఇలయస్ హోకు, 1851లో ఐజాక్ సింగర్‌కు కుట్టుమిషను పేటెంట్లు వచ్చాయి. చేతికుట్టుకు సరిపోయిన మూడు పేటల మెరుగుదారం మిషనులో సాఫీగా నడవలేదు. 1860ల్లో జార్జ్ క్లార్క్ అమెరికాలో సన్నని పోగులు ఆరు కలిపి మెత్తని దారం అమ్మకానికి తెచ్చాడు. బట్టలు కుట్టే మిషన్లన్నీ అటువంటి సన్నని, మెత్తని దారానికే అలవాటుపడ్డాయి.

ఆ కథ మన వైపుకూ వచ్చింది. 1889లో హార్వీ సోదరులు మదురైలో మధురా మిల్స్ పెట్టారు. 1974లో అది కోట్స్ వ్యాపారంతో కలిసి మధురా కోట్స్ అయింది. పైస్లీ దారం, మదురై దారం అలా ఒక ఇంటివయ్యాయి.

బొంత దారి వేరు. మన బొంత, కన్నడిగుల కౌది, మరాఠీల గోధడి అన్నీ చేతికుట్టువే. పొరలు జారకుండా పట్టుకునేది ఆ కుట్టే, అందం కూడా అదే. మిషను కుట్టు బొంతకు తక్కువనే మాట అమెరికాలోనూ చాలాకాలం ఉండేది. 1989లో కెంటకీ రాష్ట్రంలోని పడూకా ఊరి ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషను మీద కుట్టిన బొంతకు మొదటి బహుమతి వచ్చాక ఆ మాట బలం తగ్గింది. ఇప్పుడు కుట్టు కనబడాలనుకునేవాళ్లు 30, 12 నంబరు దారాలు వాడుతున్నారు.

రైల్వేలో పనిచేసినవాణ్ణి, గేజి మాటల్లో చెబుతాను. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి పెట్టెను 1000 మిల్లీమీటర్ల మీటర్ గేజి మీద నడపలేం. దారం మారిస్తే దారి కూడా మార్చాలి. ఒక్క కుట్టులో చిక్కేలోపు దారంలోని ప్రతి ముక్కా సూది బెజ్జంలో ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ రాసుకుంటుంది. బెజ్జం ఇరుకైతే పీచులేచి తెగుతుంది. అందుకని 16 లేదా 18 నంబరు సూది వేయాలి. సూదికి మాత్రం నంబరు పెరిగితేనే లావు. లావు దారం పైన మాత్రమే ఉండాలి, బాబిన్‌లో 50 లేక 60 నంబరు దారం చాలు. పై టెన్షన్ కాస్త వదులు చేయాలి, కుట్టు 3 నుంచి 4 మిల్లీమీటర్ల పొడవు పెట్టాలి, మెల్లగా తొక్కాలి. రెండు దారాల ముడి పొరల మధ్యలో పడిందా లేదా అని అవే పొరల తుండుగుడ్డ మీద ముందు చూసుకోవాలి. చివర వెనక్కి కుట్టకుండా కొసలు ముడివేసి పొరల్లోకి దూర్చేస్తే శుభ్రంగా ఉంటుంది.

తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం ఎక్కడున్నా మనలో చాలామంది ఇళ్లలో భాష సగం అరిగింది. అవ్వ కుట్టిన బొంత ఉంటే దాన్ని పాతగుడ్డల కింద వేయకండి. కుట్టు వరసలు ఫోటో తీసి, ఎవరు కుట్టారో, ఏ చీరలతో కుట్టారో, ఆ కుట్టును ఇంట్లో ఏమని పిలిచేవారో రాసి పెట్టండి. మిషను మీద లావు దారంతో కొత్త బొంత కుట్టేవాళ్లకు ఆ వరసలే నమూనా. దారం అంగట్లో దొరుకుతుంది, ఆ వరస మాత్రం మన ఇళ్లలోనే ఉంది.