డిశ్చార్జి బుక్కుకీ డిగ్రీకీ మధ్య: ఉద్దానం మిలట్రీ వాళ్ల దూరవిద్య

ప్రభుత్వ రంగ బ్యాంకుల గుమాస్తా పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం, సబ్ స్టాఫ్ పోస్టుల్లో 24.5 శాతం రిజర్వేషన్ ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో 10 శాతం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నియామకాల్లో 2 శాతం. వయసులోంచి సర్వీసు కాలాన్ని తీసేసి లెక్కగడతారు కాబట్టి నలభైకి దగ్గరపడ్డవాడు కూడా పోటీపడొచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా విద్యార్హత దగ్గర వస్తుంది. అక్కడ చాలాసార్లు ‘ఏదైనా డిగ్రీ’ అని రాసి ఉంటుంది. పదో తరగతి పాసయ్యాకో, ఇంటర్ మధ్యలోనో రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరుగెత్తి సెలెక్టయిన కుర్రాడికి అది ఉండదు. శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో మాజీ సైనికుల చదువంటే ఈ వెలితిని పూడ్చుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లే. ప్రభుత్వం కొలువులో కోటా ఇచ్చింది గాని, ఆ కోటాను అందుకునే చదువుకు చేతిలో పైసా పెట్టలేదు.

ఈ ప్రాంతం మిలట్రీ దారి పట్టడానికి కారణాలు వెతకడం కష్టం కాదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఉన్నా చిన్న కమతాలే ఎక్కువ. అన్నదమ్ములు పంచుకున్నాక తోటలో ఎవరి వాటాకూ బతుకు గడవదు. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీలున్నాయి, కాని అక్కడ దొరికేది కూలి. పైగా హౌరా-చెన్నై రైలు మార్గం ఊళ్ల పక్కనుంచే పోతుంది. ఆ పట్టాల మీదే అటు వెళితే నావికుల శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిల్కా, ఇటు వెళితే తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖపట్నం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకొచ్చేదాకా ఇంటికి నిలకడగా డబ్బు రావాలంటే అది జీతమో పింఛనో అయి ఉండాలి.

సైనికుడి పునరావాసాన్ని ప్రభుత్వం తన బాధ్యతగా తలకెత్తుకున్నది ప్రపంచ యుద్ధాల వల్లే. మొదటి యుద్ధం ముగిశాక 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. ఇప్పటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు అదే మూలం. జిల్లాల్లోని సైనిక సంక్షేమ కార్యాలయాలు ఆ చెట్టు కొమ్మలే. రెండో యుద్ధ కాలంలో పోరాడే సిపాయికి నెలకు 2 రూపాయలు, ఇతర సిబ్బందికి 1 రూపాయి చొప్పున ప్రభుత్వం ఒక నిధిలో జమచేసింది. అది మనిషి పేర కాదు, ఉమ్మడి సంక్షేమానికి. 1945 జులైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ పెట్టి, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పనులు చూపడానికి, చేతిపనులు నేర్పడానికి పూనుకున్నారు. మన తరం నిరుద్యోగులంతా కార్డు పట్టుకుని ఏళ్ల తరబడి రెన్యువల్ చేయించుకున్న ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి పుట్టింది అలా సిపాయిల కోసమే. ఆ సంగతి అక్కడ వరసలో నిలబడ్డవాళ్లలో ఎందరికి తెలుసో!

అదే రోజుల్లో అమెరికా వేరే దారి పట్టింది. 1944 జూన్ 22న సంతకమైన జీఐ బిల్లు మాజీ సైనికుడి ఫీజు, పుస్తకాల ఖర్చు, బతుకు భత్యం తనే భరించింది. దాదాపు 78 లక్షల మంది దాన్ని వాడుకుంటే, కాలేజీల్లో చేరినవాళ్లు 22 లక్షలు. మిగతావాళ్లు వృత్తి శిక్షణకో మరో చదువుకో వెళ్లారు. పోస్టులో పాఠాలు తెప్పించుకునే కోర్సులకూ ఆ సొమ్ము చెల్లేది. అంతకు రెండేళ్ల ముందే, 1942లో, సర్వీసులో ఉన్నవాళ్ల కోసం విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో కరస్పాండెన్సు పాఠాల సంస్థ పెట్టారు. అయితే డబ్బు ఉన్నచోట దళారీ కూడా ఉంటాడు. ఏజెంట్లు ఇళ్లకొచ్చి సంతకాలు పెట్టించుకోవడం, అభ్యర్థి రెండు మూడు పాఠాలతో మానేయడం మామూలైపోయింది. చేరినవాళ్లలో ఎక్కువమంది పూర్తి చేయడం లేదని 1972లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. ఆ ఏడాదే చట్టం మార్చి ఫీజులో 10 శాతం అభ్యర్థి నెత్తిన పెట్టారు. తర్వాతి కాలంలో ప్రభుత్వ వాటా 55 శాతానికి దిగింది. ఊరికే వస్తే చదువైనా చులకనే అని అప్పట్లో అక్కడ వాదించినవాళ్లున్నారు. మనవాడికి ఆ చులకన చేసే అవకాశం కూడా రాలేదు.

మన సిపాయికి సైన్యం లోపల దొరికిన చదువు వేరు. ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ బోధకులు ఇంగ్లిషు అక్షరాల్లో హిందుస్తానీ నేర్పి థర్డ్, సెకండ్, ఫస్ట్ క్లాసు సర్టిఫికెట్ల పరీక్షలు పెట్టేవారు. పటం చదవడం, లెక్కలు, లోకజ్ఞానం అందులో భాగం. ప్రమోషన్‌కు అవి తప్పనిసరి. ఊరికొచ్చాక మాత్రం వాటి విలువ ఎవరికీ అర్థం కాదు. డిశ్చార్జి బుక్కు తెరిచి చూడండి. నంబరు, ర్యాంకు, ట్రేడు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, ఒంటి మీద పుట్టుమచ్చలు, నడవడిక దగ్గర ‘ఎగ్జెంప్లరీ’ అన్న మాట. చదువు మాత్రం రెండుచోట్ల ఉంటుంది: సివిల్ చదువు ఒకచోట, ఆర్మీ చదువు ఇంకోచోట. మొదటిచోట ‘పదో తరగతి’ అనే ఉంటే, రెండోచోట ఎన్ని కోర్సులు రాసున్నా ఉద్యోగమిచ్చే గుమాస్తా కళ్లు మొదటిచోటే ఆగిపోతాయి.

ఆ మొదటి గడిని మార్చుకునే వీలు కరస్పాండెన్సు కోర్సులతో వచ్చింది. దేశంలో మొదట 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇవి ప్రారంభించింది. మన వైపు ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో మొదలుపెట్టింది. అంతకుముందు ప్రైవేటుగా పరీక్ష కట్టడమొక్కటే దారి. పాఠాలుండవు, చెప్పేవాడుండడు. విశాఖ నుంచి పాఠాల కట్టలు పోస్టులో రావడం మొదలయ్యాక, సరిహద్దులో ఉన్నవాడికి కూడా చదువు అందేంత దూరానికి వచ్చింది. సైన్యంలో ఉన్నవాడి చిరునామాలో ఊరి పేరుండదు. యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ. యూనిట్ ఎక్కడికి కదిలితే పాఠాలూ అక్కడికే. అసలు కష్టం పరీక్షల దగ్గర. కాంటాక్టు క్లాసులకూ, పరీక్షలకూ సెలవు దొరకాలి. ఏడాదికి దక్కేదే రెండు నెలల వార్షిక సెలవు. అందులో పెళ్లిళ్లు, కోతలు, ఇంటి కప్పు బాగుచేయించడం, పైన డిగ్రీ పరీక్ష. ఒక పేపరు పోతే మళ్లీ ఏడాది ఆగాలి. మూడేళ్ల బీఏకి ఆరేడేళ్లు పట్టడం వింత కాదు, తప్పూ కాదు.

నౌకాదళం, వాయుసేనల్లో సాంకేతిక ట్రేడుల వాళ్లకు మరో ఆశ ఏఎంఐఈ. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ పెట్టే ఆ పరీక్షల్లో రెండు సెక్షన్లు గట్టెక్కితే ఇంజనీరింగ్ డిగ్రీతో సమానంగా చూసేవారు. 2013 మే 31 తర్వాత చేరినవాళ్లకు ఆ గుర్తింపు పోయింది. పగలు వర్క్‌షాపు, రాత్రి డ్రాయింగు బోర్డు అనుకునే జాతికి అది పెద్ద దెబ్బ.

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద మలుపు 1982 ఆగస్టు 26. ఆ రోజు హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. తొలి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి తర్వాత 1985లో పుట్టిన జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇంటర్ లేకపోయినా పద్దెనిమిదేళ్లు నిండినవాడు ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నది ఆ సంస్థ అప్పట్లో తెచ్చిన మార్పు. పైగా తెలుగులో చదవొచ్చు. పదో తరగతితో బండెక్కినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ‘ఓపెన్ డిగ్రీ కట్టాడు’ అన్న మాట ఊళ్లలో అప్పట్నుంచే పాకింది. ఆ మాటలో కొంత ఎకసెక్కెం ఉన్న సంగతీ నిజమే. ఇంటర్ దాటేసి తెచ్చుకున్న డిగ్రీ చెల్లదని నియామకాల్లో, ప్రమోషన్లలో పేచీలు వచ్చాయి. మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా ఇచ్చిన పీజీలు చెల్లవని 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాల పేరుతో చిన్న పట్టణాల్లో వెలిసిన స్టడీ సెంటర్ల మీద, తమ పరిధి దాటొద్దని 2013లో యూజీసీ గట్టిగా కొరడా తీసింది. మధ్యలో ఫీజు కట్టి నష్టపోయినవాడిని పట్టించుకున్న నాథుడు లేడు.

ఈలోగా కేంద్రం దగ్గరి దారి ఒకటి వేసింది. మెట్రిక్ చదివి, సైన్యం ఇచ్చే ప్రత్యేక విద్యా సర్టిఫికెట్‌తో 15 ఏళ్లకు తగ్గకుండా సర్వీసు చేసినవాడిని, డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులకు అర్హుడిగా చూడాలని 1986లో నిబంధన వచ్చింది. మంచి పనే. కాని అది ఉద్యోగంలో చేర్చుకోవడానికి పనికొచ్చే సమానత్వమే గాని డిగ్రీ కాదు. ఆ కాగితంతో బీఈడీలో చేరలేడు, పీజీ చేయలేడు.

సర్వీసులో నేర్చినదాన్నే చదువుగా లెక్కించాలన్న ఆలోచన 2009లో ఇగ్నో, సైన్యం కలిసి పెట్టిన ‘జ్ఞానదీప్’ కమ్యూనిటీ కాలేజీల పథకంతో ఆకారం దాల్చింది. నౌకాదళానికి ‘సాగర్‌దీప్’, వాయుసేనకు ‘ఆకాశ్‌దీప్’ అన్నారు. ఆ పథకం ఆగిపోయినా ఆలోచన చావలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా దళాలతో ఒప్పందం చేసుకుని, శిక్షణను లెక్కలోకి తీసుకుని మానవ వనరుల నిర్వహణలో బీఏ ఇచ్చే ఏర్పాటు చేసింది. ఉద్దానం వాడికి ఇది ఇంటి పక్క విశ్వవిద్యాలయం.

మరి డబ్బు? పదవీ విరమణకు ముందు పునరావాస డైరెక్టరేట్ ఇప్పించే కోర్సులు జవాన్లకు ఉచితం. అవి కొద్ది వారాల నుంచి ఆర్నెల్ల దాకా ఉండే వృత్తి శిక్షణలు, డిగ్రీలు కావు. కేంద్రీయ సైనిక్ బోర్డు విద్యా గ్రాంటు హవల్దారు ర్యాంకు దాకా ఉన్నవాళ్ల పిల్లలిద్దరికి, రెండేళ్ల పీజీ చేసే వితంతువులకు. నెలకు 1,000 రూపాయలున్న ఆ గ్రాంటును 2025 నవంబరు నుంచి 2,000 చేశారు. 2006-07లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000. అదీ పిల్లలకూ, వితంతువులకే. అంటే మన దేశంలో మాజీ సైనికుడి విద్యా సాయం ఆయన ఇంటికి వస్తుంది గాని ఆయన చదువుకు రాదు. పిల్లలకు ఇవ్వడాన్ని తప్పుపట్టేవాడెవడూ లేడు. ముప్పై అయిదేళ్లకే పింఛనుతో ఇంటికొచ్చి ఇంకో పాతికేళ్లు పనిచేయగలవాడి ఓపెన్ డిగ్రీ ఫీజు ఎంతని? ఏడాదికి కొన్ని వేలు. చదువు పూర్తి చేస్తేనే తిరిగి ఇస్తామన్న షరతుతోనైనా ఆ గ్రాంటును తండ్రికీ వర్తింపజేయాలి. అమెరికా అనుభవం చెప్పే జాగ్రత్త అదే.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ సైనిక నియామక పథకం లెక్కంతా మార్చేసింది. అందులో చేరే ‘అగ్నివీరు’డి సర్వీసు నాలుగేళ్లు. పాతిక శాతం మందిని మాత్రమే ఉంచుకుంటారు. బయటికొచ్చేవాడికి సేవానిధి సుమారు 11.71 లక్షలు ఉంటుంది, పింఛను ఉండదు, మాజీ సైనికుడి హోదా కూడా ఉండదు. పదిహేనేళ్ల సర్వీసు సమానత్వం అతనికి అందదు. అతని కోసమని ఇగ్నో మూడేళ్ల నైపుణ్య డిగ్రీ ప్రకటించింది. సగం క్రెడిట్లు సైనిక శిక్షణ నుంచి, సగం పాఠ్యాంశాల నుంచి. పదో తరగతితో చేరినవాళ్లు ఇంటర్ పూర్తి చేయడానికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ఉంది. చిల్కాలో తొలి అగ్నివీరుల బ్యాచ్ 2023 మార్చి 28న శిక్షణ ముగించుకుంది. వాళ్ల నాలుగేళ్లు 2026 చివరితో నిండుతాయి. పలాస, టెక్కలి, కవిటి, మందస ఊళ్లలో అగ్నివీరులున్న ఇళ్లవాళ్లకు ఒక్క మనవి. కుర్రాడు ఈసారి సెలవుకొచ్చినప్పుడు జీతం సంగతితో పాటు, ఇగ్నోలో నమోదయ్యాడా, ఇప్పటికి ఎన్ని క్రెడిట్లు పూర్తయ్యాయో కూడా అడగండి. కాకపోతే యూనిట్ విద్యాధికారిని వెంటనే కలవమనండి. బయటికి వచ్చాక ఆ పని చాలా కష్టం.