నాకిష్టమైన మూడు ఫైటింగ్ గేములు

హోసూరులో మా మామయ్య దగ్గర ఉన్న పాత కంప్యూటర్‌లో నేను ఫైటింగ్ గేములు నేర్చుకున్నాను. ‘ఆ కొట్లాటలెందుకురా?’ అంటుంది అమ్మ. వాటికీ చరిత్ర ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

మూడో స్థానం 1992లో అమెరికాలో వచ్చిన మోర్టల్ కాంబాట్‌ది. దీన్ని ఆటకన్నా చరిత్ర కోసమే ఎంచుకున్నాను. ఇందులో రక్తం ఎక్కువ. 1993లో అమెరికా సెనేట్‌లో దీనిపై విచారణ జరిగింది. 1994లో గేములకు వయసును బట్టి రేటింగులు వచ్చాయి. అమ్మ మాటలో కొంత నిజముంది!

రెండోది జపాన్ కంపెనీ నామ్కో తెచ్చిన టెక్కెన్ 3 (1997). రెండు చేతులకు రెండు బటన్లు, రెండు కాళ్లకు రెండు బటన్లు. అందుకే చిన్నపిల్లలు కూడా త్వరగా నేర్చుకుంటారు.

మొదటిది స్ట్రీట్ ఫైటర్ 2. జపాన్‌కే చెందిన క్యాప్‌కామ్ 1991లో విడుదల చేసింది. తయారీలో జరిగిన పొరపాటు వల్ల ఒక దెబ్బ పూర్తికాకముందే ఇంకోటి కొట్టే వీలు కలిగింది. వాళ్లు దాన్ని తీసెయ్యలేదు. ఇప్పుడందరూ వాడే ‘కాంబో’ అలా పుట్టింది.

ఆడేవాళ్లు ఎంచుకోగల 8 మందిలో ధాల్సిమ్ అనే భారతీయుడున్నాడు. చేతులు సాగుతాయి, నోట్లోంచి మంటలొస్తాయి. అదంతా యోగా అట! మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. దూరంగా ఉన్నవాళ్లు మనల్ని ఇలాగే అనుకుంటారా? అయినా నేను ఎప్పుడూ ధాల్సిమ్‌నే తీసుకుంటాను. మొన్న అతనితోనే మామయ్యను మొదటిసారి ఓడించాను. ‘బొమ్మ వాళ్లు గీశారు, గెలిచింది మాత్రం నువ్వురా’ అన్నాడు మామయ్య.