సోమరితనం కాదు, కొంకిపురుగు

చెరకు తోటల్లో మన పెద్దలు చెప్పులు లేకుండానే పనిచేశారు. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టేది. తెలుగు తరగతిలో ఆ మాట మొదట విన్నప్పుడు మాకు నవ్వు వచ్చింది. డాక్టర్లు లింఫు గ్రంథి అనేది ఈ బిళ్ళనే అని తరువాత తెలిసింది. ఇటువంటి బిళ్ళలు పేగులను పట్టి ఉంచే పొరలో కూడా ఉన్నాయి. అమెరికాలో బీదవారి మీద పడిన ఒక నిందకు, వాటికి సంబంధం ఉన్నది.

దక్షిణ రాష్ట్రాల పల్లెల్లోని బీదలను సోమరులని లోకం ఎగతాళి చేసేది. 1902లో చార్లెస్ వార్డెల్ స్టైల్స్ అనే ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు అమెరికా కొంకిపురుగును గుర్తించి వర్ణించాడు. పత్రికలు దానిని సోమరితనపు క్రిమి అన్నాయి! మలంతో నేల మీద పడిన గుడ్లు పిల్లలవుతాయి. అవి వట్టి పాదాల చర్మాన్ని తొలుచుకొని, నెత్తురు వెంట ఊపిరితిత్తులకు, అక్కడినుండి గొంతుకు ఎక్కి, మింగుడుపడి చిన్నపేగు చేరుతాయి. అక్కడ కరచిపట్టుకొని ఏళ్ళ తరబడి నెత్తురు పీలుస్తాయి. నెత్తురు లేని మనిషి పార ఎత్తగలడా?

శరీరం మాత్రం ఊరకుండదు. పేగులోని కాపలా కణాలు పురుగు విడిచిన పదార్థాలను బిళ్ళలకు మోసుకుపోతాయి. అక్కడ టి కణాలు, బి కణాలు పెరిగి బిళ్ళ ఉబ్బుతుంది. ఐజీఇ అనే ప్రతిరక్షకం తయారవుతుంది. పేగులో జిగురు ఎక్కువగా ఊరుతుంది. ఈ పద్ధతితో కొన్ని రకాల పురుగులను శరీరం బయటికి తోసివేయగలదు. కొంకిపురుగు గడుసుది. తన స్రావాలతో ఈ పోరును చల్లారుస్తుంది. 2019లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల్లో ఒక సంగతి చూపారు: చిన్నపేగు పైభాగపు బిళ్ళలు ఓర్పు వైపు, దిగువ బిళ్ళలు పోరు వైపు మొగ్గుతాయట. కొంకిపురుగు కాపురం పైభాగంలోనే. ఒకసారి వచ్చి తగ్గినా, మళ్ళీ రాకుండా గట్టి రక్షణ ఏర్పడదు.

ఆ విద్యాసంస్థను స్థాపించిన జాన్ రాక్‌ఫెల్లరే 1909లో ఈ పురుగును తొలగించడానికి పది లక్షల డాలర్లు ఇచ్చాడు. ఆ సొమ్ముతో ఏర్పడిన సంఘం 11 రాష్ట్రాల్లో పరీక్షలు చేయగా, బడిపిల్లల్లో నూటికి సుమారు 40 మందికి పురుగు కనిపించింది. ఇచ్చిన మందు థైమాల్, అంటే మన వాముపువ్వే! దానితో పాటు విరేచనానికి ఉప్పు. కాని మందు తిన్నవారు మళ్ళీ అదే నేల మీద వట్టికాళ్ళతో నడిచారు, మళ్ళీ పురుగు పట్టింది. అందువల్ల మరుగుదొడ్లు, చెప్పులు అని ఊరూరా చెప్పవలసి వచ్చింది.

1914లో ఆ సంఘం పని ముగిసింది. అదే సంవత్సరం రాక్‌ఫెల్లర్ సొమ్ముతోనే బ్రిటిష్ గయానాలో ఇటువంటి పని మొదలైంది. మద్రాసు రేవునుండి ఓడలెక్కిన కూలీలు అక్కడి చెరకు తోటల్లోనూ ఉన్నారు.

కూలీలను పనిదొంగలని రాసిన తోటల కాగితాలు చదివేటప్పుడు, మేము ఇప్పుడు పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్న రాసుకుంటున్నాము: ఆ రోజున ఆ మనిషి ఒంట్లో నెత్తురు ఎంత ఉన్నది?