గొట్టం ముగ్గూ, తలకిందుల పిస్తోలూ

మా కాలనీలో సంక్రాంతి ముగ్గుల పోటీకి నియమాలు రాసే పని ఒక ఏడాది నా నెత్తిన పడింది. అంతకు ముందు ఏడు పెద్ద రభసే జరిగింది లెండి. మూడో వీధి పిన్నిగారొకరు చిల్లుల గొట్టంలో ముగ్గుపిండి పోసి, నేలమీద గడగడా దొర్లించి, పది నిమిషాల్లో తామరపూల బారు పరిచేశారు. చుక్కలు పెట్టీ పెట్టీ నడుములు పడిపోయినవాళ్లకి ఒళ్లు మండింది. "గొట్టం వాడకూడదని ఎక్కడ రాశారు?" అని ఆవిడ అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. అందుకని నేనో వాక్యం చేర్చాను: "ముగ్గు చేతి వేళ్లతోనే వేయవలెను." చేర్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

ఆ వాక్యం మళ్లీ 2024లో గుర్తొచ్చింది, పారిస్ ఒలింపిక్స్ అప్పుడు. టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ బొమ్మ మీరూ చూసే ఉంటారు. యాభై ఒక్క ఏళ్ల మనిషి, మామూలు కళ్లద్దాలు, ఓ చెయ్యి జేబులో, ఓ చేత పిస్తోలు. పది మీటర్ల ఎయిర్ పిస్తోలు జంటల పోటీలో రజతం. (మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లకి కాంస్యం వచ్చింది అందులోనే.) ఆయన పక్కన నిలబడి ఆ రజతంలో సగం సంపాదించిన షెవ్వాల్ ఇలైదా తర్హాన్ అనే అమ్మాయిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఏం చేస్తాం, లోకరీతి!

మా ఇంట్లో అందరూ, "చూశావా, మిగతావాళ్లు కంటికో రేకు, చెవికో డిప్ప తగిలించుకొస్తే ఈయన వట్టి చేతుల్తో కొట్టేశాడు" అన్నారు. అంటే మిగతావాళ్లు మోసగాళ్లనా? ఆ రేకులకీ నియమాలున్నాయి, కొలతలున్నాయి. పైగా ఆయన చేతిలోదీ తిరణాల తుపాకీ కాదు, అరచేతికి అతికినట్టు పిడి ఉన్న పోటీ పిస్తోలే. ఇంతకీ ఏది న్యాయం, ఏది కిటుకు? ఎవరు తేల్చారు? ఈ సందేహంతో పాత సంగతులు తిరగేస్తే మెల్‌బోర్న్ కథ దొరికింది.

1956 ఒలింపిక్స్. ఇరవై అయిదు మీటర్ల దూరాన అయిదు గురులు. అయిదింటినీ ముందు ఎనిమిది సెకన్లలో, తర్వాత ఆరులో, ఆఖరికి నాలుగంటే నాలుగే సెకన్లలో కొట్టాలి. ఇక్కడ చిక్కేమిటంటే, పిస్తోలు పేలినప్పుడల్లా మూతి పైకి ఎగురుతుంది. గొట్టం పిడికిలికి పైన ఉంటుంది కదా, వెనక్కి తన్నే తన్ను చేతిని మెలితిప్పుతుంది. మూతిని మళ్లీ దించి, గురి చూసుకునేసరికి సెకన్లు కరిగిపోతాయి. ఆ ఎగురుడుని అణచడమే ఈ విద్యలో సగం.

సోవియట్ వాళ్లు ఏం చేశారంటే, పిస్తోలుని తలకిందులు చేశారు! ఎంసీ-3 అని దాని పేరు. గొట్టాన్ని కిందికి దించి పిడికిలికి సూటిగా పెట్టారు. ఇక పేలితే మూతి ఎగరదు, తన్ను తిన్నగా చేతిలోకి వస్తుంది. అట్లకాడ కాడ చివర పట్టుకుని బరువు మోయడానికీ, ఆ బరువునే అరచేతిలో పెట్టుకోవడానికీ ఎంత తేడా! దాంతో యెవ్‌గేనీ చెర్కాసోవ్ 585 పాయింట్లు కొట్టి రజతం తెచ్చుకున్నాడు. తమాషా చూడండి, స్వర్ణం రుమేనియా వాడైన పెత్రెస్కుకి పోయింది, రెండు పాయింట్ల తేడాతో. అయినా తలకిందుల పిస్తోలుని ఊరికే వదల్లేదు. ఆ తర్వాత అంతర్జాతీయ సంఘం దాన్ని నిషేధించింది. గొట్టపు నడిమి గీత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మానికి పైనుంచే పోవాలని నియమం. ఎంత వింత వాక్యమో చూడండి! ఊరికే చదివితే ఏ గుమాస్తా పైత్యమో అనిపిస్తుంది. కథ తెలిస్తే ఆ వాక్యం వెనక ఓ మనిషి కనిపిస్తాడు.

మిగతావీ అంతే. పిస్తోలు 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ట్రిగ్గర్ కనీసం కిలో బరువుకి గానీ కదలకూడదు. పిడి చేతికి అచ్చుగుద్దినట్టుండచ్చు, మణికట్టుకి మాత్రం ఆసరా కాకూడదు. రైఫిల్ వాళ్ల కోటు గుడ్డ మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే వెన్ను నిలబెట్టే పని మనిషికి బదులు కోటు చేస్తుందని వాళ్ల భయం. అంతా చదివాక నాకు అర్థమైందొకటి. పనిముట్టుని ఒంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు, ఒళ్లు చెయ్యాల్సిన పని దానికి అప్పగించకూడదు.

అక్కడితో ఆగితే నా నియమం భేషే. కానీ ఆ మెల్‌బోర్న్‌లోనే కారోలీ తకాచ్ కూడా పోటీకి నిలబడ్డాడు. హంగరీ సైనికుడు. 1938లో చేతిబాంబు పేలి కుడిచెయ్యి పాడైతే, ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన చేసి, 1948లో, 1952లో ఇదే పోటీలో స్వర్ణాలు తెచ్చుకున్నాడు. ఆయనకి రెండో చెయ్యి ఉంది సరే, అదీ లేనివాళ్ల మాటో?

వికలాంగుల ఒలింపిక్స్ నియమాలు చూశాను. టోక్యోలో 2021లో స్వర్ణం గెలిచిన మన అవనీ లేఖరా చక్రాల కుర్చీలో కూర్చున్నా రైఫిల్ బరువు తనే మోస్తుంది. చేతులు ఆ బరువు మోయలేనివాళ్లకి వేరే తరగతి పెట్టి, రైఫిల్ కింద స్టాండ్ ఇచ్చారు. కానీ దానికి స్ప్రింగు పెట్టారు. తుపాకీ ఊగుతూనే ఉంటుంది, గురి మనిషే చూసుకోవాలి. బరువు మటుకే తీశారు.

ఇది చదివాక పిన్నిగారు కళ్లముందు మెదిలారు. నా నియమం వచ్చిన ఏడు ఆవిడ పేరివ్వలేదు. కూరగాయల బండి దగ్గర కలిసి, "ఈసారి రాలేదేం పిన్నిగారూ?" అని హుషారుగా అడిగాను. ఆవిడ చెయ్యి చాపి చూపించారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. "చిటికెడు పిండి పట్టలేనమ్మా" అన్నారు, అంతే. వంకాయలు ఏరుకుని వెళ్లిపోయారు.

ఈ సంక్రాంతికి నియమాల కాగితం మళ్లీ నా దగ్గరికే వచ్చింది. "చేతి వేళ్లతోనే" అన్నచోట కొట్టేశాను. పిన్నిగారి గొట్టం దొర్లించేస్తే పోటీ ఏముందని అరిచేవాళ్లు అరుస్తారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఆ ఖాళీలో ఏం రాయాలో ఆవిడనే అడుగుదామని, కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని మూడో వీధికి బయల్దేరాను.