చిన్నపేగులో బ్యాక్టీరియా అతివృద్ధి

చిన్నపేగులో బ్యాక్టీరియా మితిమీరి పెరిగి, కడుపు ఉబ్బరం, విరేచనాలు, బరువు తగ్గడం, పోషకాల లోపం వంటివి కలిగించే స్థితి ఇది. వైద్యులు క్లుప్తంగా సిబో అంటారు. ఆరోగ్యవంతుల చిన్నపేగు పైభాగంలో మిల్లీలీటరు ద్రవానికి బ్యాక్టీరియా సాధారణంగా వెయ్యికి మించదు. పెద్దపేగులో అదే కొలతకు పదివేల కోట్ల వరకూ ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం, పైత్యరసం, రెండు పేగుల మధ్య కవాటం, అన్నిటికీ మించి పేగు కదలిక ఈ తేడాను కాపాడతాయి.

ఈ జబ్బు మొదట రక్తహీనత రూపంలో వైద్యుల కంటబడింది. 1890 దశకంలో లండన్‌లో విలియం హేల్ వైట్, కోపెన్‌హాగెన్‌లో క్నుడ్ ఫేబర్ పేగు ఇరుకైన రోగుల్లో తీవ్ర రక్తహీనతను గుర్తించి రాశారు. కారణం అప్పటికి తెలియదు. లోపిస్తే అలాంటి రక్తహీనత తెచ్చే బి12 విటమిన్‌ను వేరుచేసింది 1948లో. జీర్ణాశయపు పుండుకు చేసే కొన్ని శస్త్రచికిత్సల తర్వాత పేగులో ఒక ముక్క దారి మూసిన సందులా మిగిలిపోయేది. అందులో నిలవున్న ఆహారంలో బ్యాక్టీరియా పెరిగి, రోగికి అందాల్సిన బి12ను ముందే తినేసేది. దీన్నే బ్లైండ్ లూప్ సిండ్రోమ్ అన్నారు. ఈ బ్యాక్టీరియా ఫోలేట్‌ను మాత్రం తయారుచేస్తుంది. అందుకే రక్తపరీక్షలో బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా కనిపిస్తే అనుభవమున్న వైద్యుడు పేగును అనుమానిస్తాడు.

కత్తి పడని పేగులోనూ ఇది ఎందుకొస్తుందో 1977లో బెల్జియంలోని లూవెన్‌లో వాంట్రాపెన్ బృందం చూపింది. పరగడుపున ఉన్నప్పుడు సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి ఒక కదలిక పైనుంచి కిందికి సాగి పేగును ఊడ్చేస్తుంది. అతివృద్ధి ఉన్న కొందరిలో ఆ ఊడ్పు బృందానికి కనిపించలేదు.

మన దక్షిణాదిలో ఈ పరిశోధనకు కేంద్రం వేలూరు సీఎంసీ. చిత్తూరుకు ఆనుకునే ఉన్న అప్పటి ఉత్తర ఆర్కాట్ జిల్లా పల్లెల్లో 1960 దశకంలో ట్రాపికల్ స్ప్రూ (పోషకాలు ఒంటబట్టనివ్వని విరేచనాల జబ్బు) ప్రబలినప్పుడు సెల్విన్ బేకర్, వి.ఐ. మథాన్ దాన్ని అధ్యయనం చేశారు. రోగులతో పాటు ఏ బాధా లేని స్థానికుల చిన్నపేగులోనూ బ్యాక్టీరియా గణనీయంగా ఉన్నట్టు 1972లో వేలూరు పరిశోధకులు వెల్లడించారు. పాశ్చాత్య దేశాల్లో అతివృద్ధికి గీసిన హద్దును ఇక్కడ యథాతథంగా వాడటం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎంతమందికి ఉందన్న ప్రశ్నకు ఇప్పటికీ ఒక్క జవాబు లేదు. 2000లో లాస్ ఏంజెలెస్‌లో మార్క్ పిమెంటెల్ బృందం ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) రోగుల్లో 78 శాతానికి అతివృద్ధి ఉందని ప్రకటించింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పేగు ద్రవాన్నే తీసి కల్చర్ చేస్తే, మిల్లీలీటరుకు లక్ష అన్న పాత హద్దు ప్రకారం ఐబీఎస్ రోగుల్లో 4 శాతం, ఆరోగ్యవంతుల్లోనూ 4 శాతమే తేలింది. ఇంత తేడా రోగుల వల్ల వచ్చింది కాదు, పరీక్షల వల్ల వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో వాడింది లాక్టులోజ్ ద్రావణం తాగించి ఊపిరిలో హైడ్రోజన్‌ను కొలిచే శ్వాస పరీక్ష. ఆ ద్రావణం త్వరగా పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా వదిలిన హైడ్రోజన్ కూడా లెక్కలో పడుతుంది. ఐబీఎస్ రోగుల్లో జరిగేది ఎక్కువగా అదేనని 2011లో కెనడా పరిశోధకులు చూపారు.

గ్లూకోజ్ పరీక్ష ఇంతకంటే నమ్మదగినది, కానీ అది కూడా తప్పులకు అతీతం కాదు. ముందురోజు పప్పులు, పాలు, పీచుపదార్థాలు మాని తెల్లన్నం వంటివే తినాలి. ఉదయం పరగడుపున 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగి, నిర్ణీత వ్యవధుల్లో యంత్రంలోకి ఊదుతూ కూర్చోవాలి. 90 నిమిషాల్లోపు హైడ్రోజన్ మొదటి కొలత కంటే 20 పీపీఎం పెరిగితే అతివృద్ధి ఉన్నట్టు లెక్క. కల్చర్ హద్దు కూడా మారింది. మిల్లీలీటరుకు లక్షగా ఉన్నదాన్ని 2017 నాటి ఉత్తర అమెరికా నిపుణుల ఒప్పందం వెయ్యికి దించింది. హద్దు దిగితే రోగుల సంఖ్య పెరగక మానదు.

ముప్పు కారణాల విషయంలో ఇంత గందరగోళం లేదు. పేగు శస్త్రచికిత్సలు, క్రోన్స్ వ్యాధి లేదా క్షయ వల్ల ఏర్పడిన ఇరుకు, చిన్నపేగు గోడలోని సంచులు, స్క్లెరోడెర్మా, నరాలు దెబ్బతిన్న దీర్ఘకాలిక మధుమేహం, సిరోసిస్, క్లోమ వ్యాధి, నల్లమందు జాతి నొప్పి మందులు ముఖ్యమైనవి. వృద్ధాప్యంలో ఇవి ఒకటికి రెండు జతపడతాయి. మనవాళ్లు ‘గ్యాస్ మాత్ర’ అని ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునే ఆమ్ల నిరోధకాల మీదా అనుమానం ఉంది. 2013 నాటి ఒక సమీక్షలో కల్చర్ అధ్యయనాల్లో వాటికీ అతివృద్ధికీ సంబంధం కనబడింది, గ్లూకోజ్ పరీక్ష చేసిన అధ్యయనాల్లో కనబడలేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఈ మాత్రలు నెలల తరబడి వాడుతున్నవారు, అవి ఇంకా అవసరమో కాదో వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవడం మంచిది.