వృద్ధుల నడకకు కొలత

క్రోసులు, ఆమడలు మన పెద్దలెఱిగినవే. కాని యవి దారికి కొలతలు; నడచినవాని శ్రమకు గావు. 1865లో బయలుదేఱిన నైన్ సింగు నూఱడుగుల కొక పూస చొప్పున జపమాల త్రిప్పుచు లాసా వఱకు దారి కొలిచెను. ఆయనయు బడిపంతులే యని నాకు గర్వము.

1965లో జపానువారు నడుమున కట్టుకొను అడుగుల యంత్రము నమ్మిరి. దాని పేరునకు పదివేల అడుగుల కొలమానమని యర్థము. ఆ సంఖ్య అంగడి పేరే గాని వైద్యుల నిర్ణయము గాదు. 2019లో వెలువడిన పరిశోధనలో, సగటున 72 ఏండ్ల అమెరికా స్త్రీలలో దినమునకు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 వేయువారిలో మరణములు తక్కువగా నుండెను. 7,500 పిమ్మట అదనపు లాభము కానరాలేదు.

మన పటాన్‌చెరువున 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థ 1975 మొదలు మహబూబునగరము జిల్లా ఔరేపల్లి, దోకూరు గ్రామములలో కుటుంబముల పనిపాటలను వ్రాయించెను. అది ఆర్థికశాస్త్రము కొఱకు.

సంగారెడ్డి ప్రాంతమున పొలములు కర్మాగారములైన చోట, నాగలి విడిచిన వృద్ధుని “వ్యాయామము చేయుదురా?” యని యడిగిన “లేదు” అనును. గేదెను తోలుకొనిపోవుట, నీళ్లు మోయుట, మనుమని బడికి దింపుట ఆతని లెక్కకు రావు. చేతికఱ్ఱతో మెల్లగా నడచువాని అడుగులను నడుము యంత్రమును కొన్ని విడుచును. ఇట్లు కష్టజీవి సోమరిగా నమోదగును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 ఏండ్లు దాటినవారికి వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమశ్రమ విధించెను. మన లెక్కకు ఆఱుంబావు ఘడియలు. ఇంటి చాకిరియు అందు చేరును. కనుక మిమ్ము అడుగువానికి తెల్లవాఱి లేచినది మొదలు చేసిన పనులన్నియు చెప్పుడు.